హైదరాబాదులో ఎం.ఏ. ఇంగ్లిష్ చేయడం ఎలా: ప్రవేశం నుంచి డిసర్టేషన్ దాకా

"మాది తెలుగు మీడియం మేడం. ఎం.ఏ. ఇంగ్లిష్ మా వల్ల అవుతుందా?" డిగ్రీ ఆఖరి పరీక్షలు దగ్గరపడే రోజుల్లో ఏటా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. అవుతుంది. నేనూ నల్లగొండ జిల్లాలో ఇంటర్ దాకా తెలుగులోనే చదివాను. హైదరాబాదు వచ్చి ఎం.ఏ. చేశాను. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. కాకపోతే ధైర్యం ఒక్కటే చాలదు, ఏ పని ఎప్పుడు చేయాలో తెలియాలి. అది తెలియక ఏడాది, రెండేళ్లు పోగొట్టుకున్న పిల్లలను చూశాను కాబట్టి వరసగా చెబుతాను.

1. ఏ ఎం.ఏ. కావాలో ముందు తేల్చుకోండి

ఇంగ్లిష్ బాగా మాట్లాడడం వస్తుందని ఎం.ఏ.లో చేరకండి. అది మాట్లాడడం నేర్పే కోర్సు కాదు. రెండేళ్ల పాటు కవితలు, నాటకాలు, నవలలు, విమర్శ చదివి, చదివినదాని మీద రాసే కోర్సు. మాట్లాడే భాష దారిలో మెరుగుపడుతుంది, నిజమే. అందుకోసమే అయితే ఇంత దూరం రానక్కరలేదు.

సాహిత్యం మీద ఇష్టమా, భాషాశాస్త్రం మీదనా, ఇంగ్లిష్ బోధించే పద్ధతుల మీదనా అన్నది మిమ్మల్ని మీరు అడగండి. ఈ మూడింటికీ వేర్వేరు ఎం.ఏ.లు ఉన్నాయి. కథలూ కవితలూ రాయాలన్న కోరికతో వచ్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గర సృజనాత్మక రచన ఎక్కువగా ఎం.ఏ. సాహిత్యంలో ఒక ఐచ్ఛిక పేపరుగానే ఉంటుంది. ఏ సెమిస్టరులో ఆ పేపరు ఉందో, ఈ ఏడాది దాన్ని నిజంగా నడుపుతున్నారో లేదో డిపార్టుమెంటుకు వెళ్లి అడగండి. సిలబస్ పుస్తకంలో ఉన్న ప్రతి ఐచ్ఛికమూ ప్రతి ఏడాదీ నడవదు.

2. ఎక్కడ చదవాలి

ఇంగ్లిష్ చదువుకు హైదరాబాదు కంటే మంచి ఊరు దక్షిణాదిన తక్కువ. తార్నాకలో ఒకదాని పక్కన ఒకటి రెండు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఒకటి 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా. రెండోది 1958లో కేంద్ర ఇంగ్లిష్ సంస్థగా పుట్టి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. గచ్చిబౌలిలో 1974 నాటి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, అంటే మనం హెచ్‌సీయూ అని పిలిచేది, ఉంది. అది మొదట తరగతులు నడిపింది సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ ఇంట్లో. ఇంగ్లిష్‌లో కవిత్వం రాసిన హైదరాబాదీ ఇంట్లో మొదలైన విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం చదవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది. గచ్చిబౌలిలోనే మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఎం.ఏ. ఇంగ్లిష్ ఉంది.

ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవారికి, పెళ్లయి ఇల్లు చూసుకుంటున్నవారికి దూరవిద్య ఉంది. జూబ్లీహిల్స్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి నడుస్తోంది. ఇగ్నో ఎం.ఏ. ఇంగ్లిష్‌ను కనీసం రెండేళ్లలో, గరిష్ఠంగా నాలుగేళ్లలో పూర్తి చేయవచ్చు. దూరవిద్యను చిన్నచూపు చూడకండి. ఇగ్నో పాఠాలు ఎంత శ్రద్ధగా రాశారంటే, రెగ్యులర్ విద్యార్థులకు కూడా వాటినే చదవమని చెబుతాను. ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైటులో అవి ఉచితంగా దొరుకుతాయి. దూరవిద్యలో దొరకనిది తోటివారితో వాదన. దానికి మీరే ఇద్దరు ముగ్గురిని వెతుక్కుని, ఆదివారం ఎక్కడో ఒకచోట కూర్చోవాలి.

నా సలహా అడిగితే, పేరు చూసి ఎంచుకోవద్దు. పైన చెప్పిన చోట్లకు ఒక రోజు పెట్టుకుని వెళ్లండి. తార్నాకకు మెట్రో ఉంది. ఉస్మానియాకు ఎంఎంటీఎస్‌లో ఆర్ట్స్ కాలేజీ పేరుతోనే స్టేషను ఉంది. డిపార్టుమెంటు వరండాలో సీనియర్లను పలకరించి ఒక్క ప్రశ్న అడగండి: "సెమిస్టరుకు ఎన్ని వ్యాసాలు రాయిస్తారు? రాసినవాటిని ఎవరైనా దిద్ది ఇస్తారా?" వ్యాసాలు దిద్ది వెనక్కి ఇచ్చే చోటే మీ చదువు.

3. ప్రవేశ పరీక్షలు

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అన్ని ప్రవేశాలూ డిగ్రీ ఫలితాల తరువాతే మొదలవుతాయనుకుంటారు. హెచ్‌సీయూలో చేరడానికి రాయవలసిన జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీకి దరఖాస్తులు శీతకాలంలోనే తీసుకుంటారు, పరీక్ష మార్చిలో ఉంటుంది. మీరు డిగ్రీ ఆరో సెమిస్టరు చదువుతుండగానే ఆ గడువు దాటిపోతుంది. డిసెంబరు నుంచే వారానికి ఒకసారి, ఆ పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైటు చూడండి. పరీక్షలో 75 ప్రశ్నలు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. తెలియని ప్రశ్నను వదిలేయడం నేర్చుకోవాలి.

ఉస్మానియాతో పాటు తెలంగాణలోని ఇతర రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంటుంది. అది డిగ్రీ పరీక్షల తరువాత వస్తుంది. ఇఫ్లూ ప్రకటనను దాని వెబ్‌సైటులో విడిగా చూసుకోండి. మూడింటి తేదీలను ఒకే కాగితం మీద రాసి గోడకు అంటించండి.

డిగ్రీలో ఇంగ్లిష్ సాహిత్యం చదవని బీకాం, బీఎస్సీ పిల్లలు కూడా ఎం.ఏ.లో చేరుతున్నారు. అర్హత నిబంధన ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రకటనలో ఆ పేరా మాత్రం రెండుసార్లు చదవండి.

పరీక్షకు చదవడానికి ముందు యుగాలు తెలియాలి: చాసర్ కాలం, ఎలిజబెత్ కాలం, మిల్టన్ కాలం, రొమాంటిక్ కవులు, విక్టోరియా కాలం, ఇరవయ్యో శతాబ్దం. ఒక్కో యుగానికి ఒక పెద్ద కాగితం పెట్టుకుని రచయిత, రచన, ఏడాది రాసుకోండి. బజారు గైడ్లు ఇక్కడి వరకు పనికొస్తాయి. ఎం.ఏ. మొదలయ్యాక వాటిని ముట్టుకోవద్దు.

4. సీటు వచ్చాక, క్లాసులు మొదలయ్యే లోపు

సర్టిఫికెట్ల పని ముగించండి. టీసీ, మైగ్రేషన్, ప్రొవిజనల్, మెమోలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. ఆదాయ పత్రం కోసం మీసేవకు ముందే వెళ్లండి. స్కాలర్‌షిప్‌కు, ఫీజు రీయింబర్స్‌మెంటుకు రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైటులో దరఖాస్తు చేయాలి. హాస్టలు దరఖాస్తు అదే వారంలో ఇచ్చేయండి.

ఈ నెలా రెండు నెలల్లో సాహిత్యానికి చేయవలసిన పని ఒకటి ఉంది. గజేంద్రుడు ఎవరో, మొసలి ఎందుకు పట్టిందో తెలియని మనిషికి పోతన పద్యం ఇచ్చి చదవమంటే ఎంత అందుతుంది? బైబిలు కథలు, గ్రీకు పురాణాలు తెలియకుండా మిల్టన్‌ను చదివితే మనకూ అంతే అందుతుంది. ఆదికాండం, యోబు గ్రంథం, నాలుగు సువార్తలు తెలుగులోనైనా సరే చదవండి. ట్రాయ్ యుద్ధం కథ తెలుసుకోండి. ఇది రెండేళ్ల పాటు ప్రతి పేపరులోనూ అక్కరకు వస్తుంది.

5. కవితను చదివే పద్ధతి

అన్నిటికంటే నిదానంగా నేర్చుకోవలసింది ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంగ్లిష్ కవి కీట్స్ 1819 సెప్టెంబరులో ఆటమ్ ఋతువు మీద రాసిన కవిత మీ సిలబస్‌లో ఎదురుకావచ్చు. మూడు పద్యాలు, ఒక్కోదానికి పదకొండు పాదాలు.

ముందు గొంతెత్తి రెండుసార్లు చదవండి. నిఘంటువు ముట్టుకోకండి. తరువాత పెన్సిలు తీసుకుని క్రియల కింద గీత గీయండి. మొదటి పద్యంలో బరువెక్కడం, వంగడం, నిండడం, ఊరడం కనిపిస్తాయి. కాయలు కొమ్మలను వంచుతున్నాయి, తేనెపట్టు పొంగిపొర్లుతోంది. ఇప్పుడు వాక్యం ఎక్కడ ముగిసిందో చూడండి. పదకొండు పాదాలూ ఒకటే వాక్యం, దానికి ప్రధాన క్రియే లేదు. కాయలతో కొమ్మ వంగినట్టు వాక్యం కూడా బరువుతో వంగిపోయి, ముగియడానికి ఇష్టపడడం లేదు. ఈ సంగతి మీకు ఏ గైడూ చెప్పకుండా మీ పెన్సిలే చెబుతుంది. ఆ ఆనందం ఒక్కసారి తెలిస్తే ఈ చదువును వదలలేరు.

రెండో పద్యం దగ్గర నాకు జరిగింది చెప్పాలి. అక్కడ ఆ ఋతువు ఒక మనిషిలా ధాన్యపు కొట్టు నేల మీద కూర్చుని ఉంటుంది. తూర్పారబట్టే గాలికి జుట్టు ఎగురుతుంటుంది. ఇంకొకచోట పరిగె ఏరుకున్న మూటను నెత్తిన పెట్టుకుని వాగు దాటుతుంది. క్లాసులో ఇంగ్లిష్ మీడియం పిల్లలు విన్నోయింగ్, గ్లీనర్ అన్న రెండు ఇంగ్లిష్ మాటల కోసం నిఘంటువు తిప్పుతున్నారు. అర్థం వినగానే నాకు మా కళ్లం కనిపించింది. కోత అయ్యాక మడిలో రాలిన కంకులు ఏరడానికి మా నాయనమ్మ వెంట వెళ్లినదాన్ని. పరిగె అన్న మాట నా దగ్గర ముందే ఉంది. కీట్స్ మాటకు అది సరిగ్గా సరిపోయింది. తెలుగు మీడియం లోటని అప్పటిదాకా అనుకున్నాను. ఆ రోజు తరువాత మళ్లీ అలా అనుకోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా ఉంది. ఆటమ్‌ను శరదృతువు అని అనువదించుకోగానే మనకు వెన్నెల, తెల్లని మబ్బులు గుర్తుకొస్తాయి. కీట్స్ చెప్పేది పంట ఇంటికి వచ్చే కాలం. మన మనసులో దానికి దగ్గరగా ఉండేది సంక్రాంతి. అయితే మన సంక్రాంతి తరువాత పొద్దు పెరుగుతుంది, ఆ ఇంగ్లండు ఋతువు తరువాత చలీ చీకటీ వస్తాయి. మూడో పద్యంలో చిన్న పురుగుల రొద, గొర్రెల అరుపు, పోవడానికి గుమిగూడే పక్షుల కూతలు వినిపిస్తుంటే లోపల దిగులు ఎందుకు కదులుతుందో అప్పుడు అర్థమవుతుంది. మన కాలాన్ని పక్కన పెట్టి చూస్తేనే ఆ తేడా దొరికింది. మీ అనుభవాన్ని క్లాసు బయట వదిలి రాకండి. దాన్ని కవిత మీద రుద్దకండి కూడా. పక్కన పెట్టి పోల్చండి.

6. రాయడం

ఎం.ఏ.లో నా మొదటి వ్యాసం ఎనిమిది పేజీలు. మా ఉపాధ్యాయురాలు చివర ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న రాశారు: "ఇందులో మీరు ఎక్కడ?" నేను అయిదు పుస్తకాల నుంచి అయిదుగురి మాటలు పేర్చాను. నాది అని చెప్పగలిగిన వాక్యం ఒక్కటీ లేదు.

వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం రాయండి. ఎవరైనా "కాదు" అనగలిగేలా ఆ వాక్యం ఉండాలి. "కీట్స్ గొప్ప ప్రకృతి కవి" అంటే కాదనేవారు లేరు, కనుక దాంతో వ్యాసం రాదు. "చివరి పద్యంలో కీట్స్ చూపును వదిలి వినికిడికి మారడం చీకటి పడుతున్నదానికి గుర్తు" అనండి. కాదనేవారు ఉంటారు, మీరు కవితలోంచి సాక్ష్యం చూపాలి. ఆ సాక్ష్యమే వ్యాసం. వాదన మీకు తెలుగులో తడితే తెలుగులోనే చిత్తు రాసుకోండి. ఆలోచన తేలాక ఇంగ్లిష్‌లో మొదటి నుంచి రాయండి, తెలుగు వాక్యాన్ని మాటకు మాటగా మార్చకండి. ఇంగ్లిష్ వాక్యాలు పొట్టిగా ఉండనివ్వండి. పెద్ద మాటలతో మార్కులు వస్తాయన్నది అబద్ధం.

రోజుకు అరగంట రాయండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆ రోజు చదివినదాని మీద ఒక పేరా. శనివారం మాత్రం అనువాదం. మీకు ఇష్టమైన తెలుగు కథలోంచి ఒక పేజీని ఇంగ్లిష్‌లోకి తెండి. రచయిత కావాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన సాధన నాకు తెలియదు. "ఎంగిలి" అన్న మాట దగ్గర ఆగిపోతారు. ఇంగ్లిష్‌లో దానికి మాట లేదు. అలాగే ఉంచాలా, ఒక పొడుగు వాక్యంలో విప్పాలా, ఆ పాత్ర పళ్లెం వెనక్కి నెట్టిన చేతిని చూపించి ఊరుకోవాలా? మూడు రకాలుగానూ రాసి చూడండి. భాష ఎలా పని చేస్తుందో ఒక సెమిస్టరు పాఠం చెప్పనంత ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇతరుల మాటలు వాడితే ఎవరివో చెప్పండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్, డిసర్టేషన్ వంటి పరిశోధన రచనల్లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్య ఉంటుంది. కంప్యూటర్ చేత రాయించుకున్న వ్యాసం గురించి నేను బాధతో చెబుతున్నాను: అది మీ రెండేళ్లను మీ చేతులతో మీరే పారేసుకోవడం. తప్పులున్న సొంత పేరాను నేను ఎన్నిసార్లైనా దిద్దుతాను.

7. పుస్తకాలు, లైబ్రరీలు

కొనడం తక్కువ పెట్టుకోండి. పాత రచనలకు కాపీరైటు లేదు కాబట్టి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉంటాయి. నోట్సు, పీఠిక ఉన్న ప్రతి కావాలంటే ఆదివారం ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నిదానంగా వెతకండి. పాఠ్యపుస్తకాలకు కోఠీ. కొనే ముందు లోపలి పేజీలు చూడండి, ఎవరో పెన్సిలుతో రాసుకున్న నోట్సు ఉంటే ఆ ప్రతినే తీసుకోండి. నేను అలా కొన్న ఒక షేక్‌స్పియర్ నాటకం అంచుల్లో నాకంటే మంచి పాఠకుడు ఉన్నాడు.

కూర్చుని చదవడానికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. చిక్కడపల్లిలో పోటీ పరీక్షలవాళ్ల రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. అమెరికన్ సాహిత్యం పేపరు తీసుకుంటే ఉస్మానియా ప్రాంగణంలో ఒకప్పటి అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ గురించి అడగండి. 1964లో మొదలైన ఆ కేంద్రం గ్రంథాలయం కోసం దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వచ్చేవారు.

8. డిసర్టేషన్

చివరి సెమిస్టరులో డిసర్టేషనో ప్రాజెక్టో ఉంటే అంశాన్ని అంతకు ముందు సెమిస్టరులోనే ఎంచుకోండి. మీ చేతిలో రెండు భాషలు ఉన్నాయి. వాటిని వాడుకునే అంశం మంచిది.

ఉదాహరణకు, వీరేశలింగం రాజశేఖర చరిత్రానికి గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ద వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ ప్రేరణ. "వీరేశలింగంపై గోల్డ్‌స్మిత్ ప్రభావం" అని పెట్టుకుంటే అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీకే తెలియదు. చిన్నది చేయండి. రెండు నవలల్లోనూ ఇంటి యజమాని ఆస్తి పోగొట్టుకుంటాడు. ఇంగ్లిష్ నవలలో, దాచమని డబ్బు ఇచ్చిన వ్యాపారి దివాలా తీసి పారిపోవడం వల్ల పోతుంది. తెలుగు నవలలో బంగారం చేసి ఇస్తానన్న బైరాగిని నమ్మడం వల్ల పోతుంది. వ్యాపారి స్థానంలోకి బైరాగి ఎందుకు వచ్చాడు? ఆ మార్పు గోదావరి తీరపు సమాజం గురించి, వీరేశలింగం సంస్కరణ గురించి ఏం చెబుతోంది? ఇది అరవై పేజీలకు సరిపోయే ప్రశ్న.

ఇదే అంశం మీద ఎవరైనా పని చేశారా అని శోధ్‌గంగలో వెతకండి. మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితంగా చదవవచ్చు. ఎవరో చేశారని కనబడితే భయపడకండి. వాళ్లు ఎక్కడ ఆగారో చూసి అక్కడ మొదలుపెట్టండి. గైడ్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లవద్దు. రెండు పేజీలైనా రాసుకుని వెళితే మాట్లాడడానికి ఏదో ఉంటుంది. చదివిన ప్రతి పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, పేజీ సంఖ్య ఆ రోజే రాసుకోండి. చివరి వారంలో ఒక పేజీ సంఖ్య కోసం అఫ్జల్‌గంజ్ దాకా పరుగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను.

9. నెట్, సెట్

అధ్యాపక ఉద్యోగం లక్ష్యమైతే దానికి జాతీయ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌ను ఆఖరి సంవత్సరంలో ఉండగానే రాయవచ్చు. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, తప్పుకు కోత లేదు. నెట్‌లో పై మార్కులు వచ్చినవారికి ఇచ్చే జేఆర్‌ఎఫ్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. రాష్ట్ర స్థాయిలో ఇలాంటి అర్హత పరీక్షే సెట్ ఉంది. రెండింటికీ ఎం.ఏ.లో జనరల్ వారికి 55 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ (క్రీమీలేయర్ కానివారు), దివ్యాంగులకు 50 శాతం మార్కులు ఉండాలి. ఈ శాతం మొదటి సెమిస్టరు ఇంటర్నల్స్ నుంచే లెక్కలోకి వస్తుంది. కాబట్టి కొత్త ఊళ్లో హాస్టలు, మెస్సు, బస్సుల హడావుడిలో ఉన్న ఆ మొదటి రెండు నెలల్లో ఒక్క ఇంటర్నల్ కూడా మానవద్దు. 53 శాతంతో ఆగిపోయి ఇంప్రూవ్‌మెంట్ కోసం మళ్లీ ఫీజు కట్టిన విద్యార్థులు ఇప్పటికీ నా దగ్గరికి వస్తున్నారు.